కొత్త హాకీ కోచ్‌ను సీజన్ మొదలవక ముందే అంచనా వేయడం ఎలా?

హాకీ జట్టు ఏదైనా కొత్త కోచ్ పేరు ప్రకటించిన మరునాటి నుంచే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగువారు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "ఈయన పనికొస్తాడంటారా?" ఒడిశాలో ఉంటున్నాం కనుక కళింగ లాన్సర్సే మన జట్టు అనుకునేవారున్నారు. భాషను బట్టి హైదరాబాద్ తూఫాన్స్ వైపు మొగ్గేవారున్నారు. రెండింటినీ వదులుకోలేనివారూ ఉన్నారు. జట్టు ఏదైనా ప్రశ్న అదే కనుక, సమాధానాన్ని ఒకచోట పద్ధతిగా రాసి పెడుతున్నాను.

కప్పు వస్తుందో రాదో ఈ పద్ధతి చెప్పదు. కోచ్ తన పని తాను సరిగా చేస్తున్నాడా లేదా అన్నది మాత్రం, చూడవలసినవాటిని చూస్తే, మొదటి మ్యాచ్‌కు ముందే చాలావరకు తెలుస్తుంది. హాకీ ఇండియా లీగ్ వంటి పోటీలో అది ముందుగా తెలియడం అవసరం కూడా. 2024-25 సీజన్ 2024 డిసెంబర్ 28న రూర్కెలాలో మొదలై, 2025 ఫిబ్రవరి 1న అక్కడే పురుషుల ఫైనల్‌తో ముగిసింది. అంటే మొత్తం ఐదు వారాలు. అంత చిన్న సీజన్‌లో జట్టును ఆడిస్తూ ఆడిస్తూ సరిదిద్దుకుందామంటే కుదరదు. శిబిరంలో నేర్పనిది మ్యాచ్‌లో కనిపించదు.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ మ్యాచ్ చూస్తూ గీతలు పెట్టడానికి కాగితమే అనువుగా ఉంటుంది.
- ఫోన్‌లోని స్టాప్‌వాచ్.
- కోచ్ ఇంతకుముందు పనిచేసిన జట్టు ఆడిన పూర్తి మ్యాచ్‌ల వీడియోలు కనీసం రెండు. గోల్స్ మాత్రమే కత్తిరించి చూపించే ముక్కలు ఇందుకు పనికిరావు.
- జట్టు ఆటగాళ్ళ పూర్తి జాబితా, సహాయక సిబ్బంది జాబితా.
- ఒడియా చదవగలిగితే సమాజ, ధరిత్రి, సంబాద్ పత్రికల క్రీడా పేజీలు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది పెద్ద వెసులుబాటు. హైదరాబాదు పత్రికల్లో రెండు వాక్యాలుగా వచ్చే శిబిరం వార్త, ఇక్కడి పత్రికల్లో తరచుగా పేర్లతో సహా వస్తుంది. మీకు చదవడం రాకపోతే ఇంట్లో ఒడియా మాధ్యమంలో చదువుతున్న పిల్లల చేత చదివించుకోండి.

1. కోచ్ చేతిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో ముందే విడదీయండి

పుస్తకంలో ఒక పేజీకి మధ్యగా గీత గీయండి. గాయాలు, అంపైర్ నిర్ణయాలు, మ్యాచ్‌ల తేదీలు, జాతీయ జట్టు విధుల వల్ల ఆలస్యంగా చేరే విదేశీ ఆటగాళ్ళు ఒక వైపు వస్తాయి. ఆటగాళ్ళను నిలబెట్టే తీరు, బంతి పోయినప్పుడు స్పందించే తీరు, పెనాల్టీ కార్నర్ (ప్రత్యర్థి తన గోల్ దగ్గర చేసిన తప్పుకు దొరికే గోల్ అవకాశం) ఏర్పాట్లు, ఆటగాళ్ళను మార్చే క్రమం, కార్డు పడినప్పటి సర్దుబాటు రెండో వైపు వస్తాయి. ఇకపై మీరు రాసే ప్రతి వ్యాఖ్యా రెండో వైపు అంశాల గురించే ఉండాలి. ఈ పని పది నిమిషాలు పట్టదు, కానీ దీన్ని వదిలేసినవారు చివరికి కోచ్‌ను కాక అదృష్టాన్ని అంచనా వేసి ఊరుకుంటారు.

2. పాత రికార్డును పతకాల లెక్కగా చదవకండి

కోచ్ ఎన్ని పతకాలు తెచ్చాడన్నది అందరూ చూసేదే. మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. జట్టు ఆయన చేతికి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉంది? వదిలి వెళ్ళినప్పుడు ఏ స్థితిలో ఉంది? అక్కడ ఆయన ప్రధాన కోచా, సహాయకుడా? సహాయకుడైతే ఏ విభాగం చూసేవాడు?

భారత పురుషుల జట్టు ఉదాహరణనే తీసుకోండి. గ్రాహం రీడ్ ఆధ్వర్యంలో మన జట్టు టోక్యో ఒలింపిక్స్‌లో 41 ఏళ్ళ తర్వాత పతకం గెలిచింది. అదే కోచ్‌తో 2023 జనవరి 22న భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో న్యూజిలాండ్‌పై 3-1 ఆధిక్యంలో ఉండి కూడా 3-3కు జారి, షూటౌట్‌లో ఓడి, ప్రపంచ కప్‌లో తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది. పతకాన్ని బట్టి లెక్క వేసినవారెవరికీ ఆ సాయంత్రం అంతుబట్టలేదు.

ఆయన తర్వాత వచ్చిన క్రెయిగ్ ఫుల్టన్ పేరు చాలామందికి కొత్త. కానీ ఆయన గతంలో పై మూడు ప్రశ్నలకూ సమాధానం ఉంది. ఐర్లాండ్ జట్టును 2015 యూరోపియన్ పోటీల్లో కాంస్యం దాకా, 1908 తర్వాత మళ్ళీ 2016 రియో ఒలింపిక్స్ దాకా తీసుకువెళ్ళాడు. పేరున్న ఆటగాళ్ళు తక్కువగా ఉన్న జట్టును పైకి తెచ్చిన అనుభవం అది. తర్వాత టోక్యోలో స్వర్ణం గెలిచిన బెల్జియం జట్టుకు సహాయకుడు. గెలిచే జట్టు లోపలినుంచి ఎలా నడుస్తుందో చూసిన అనుభవం ఇది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, రక్షణను ముందు గట్టి చేసుకుని ఆ తర్వాత గెలుపు కోసం చూసే కోచ్ వస్తున్నాడని ముందే ఊహించగలిగేవాళ్ళం. భారత్‌కు వచ్చాక ఆయన చెప్పిందీ, చేసిందీ అదే.

జాగ్రత్త: గొప్ప జట్టుకు సహాయకుడిగా ఉండి వచ్చినవారి విషయంలో ఆ పతకాన్ని పూర్తిగా వారి ఖాతాలో వేయకండి. ఆయన చూసిన విభాగమే, అంటే పెనాల్టీ కార్నర్ రక్షణో, ఫార్వర్డ్‌ల శిక్షణో, ఆ రెండు పాత వీడియోల్లో ఎలా ఉందో చూసి దానికే మార్కులు వేయండి.

3. వెంట ఎవరిని తెచ్చుకుంటున్నాడో చూడండి

జట్టు ప్రకటనలో కోచ్ ఫొటో పెద్దగా ఉంటుంది, సిబ్బంది పేర్లు ఆఖరి వాక్యంలో ఉంటాయి. నా దృష్టిలో ఆ ఆఖరి వాక్యమే ముఖ్యం. గోల్‌కీపింగ్‌కు ప్రత్యేకంగా ఒకరున్నారా? మ్యాచ్ వీడియోలను విశ్లేషించే మనిషి ఉన్నాడా? దేహదారుఢ్యం చూసేవాడు శిబిరానికి ముందే చేరాడా, మధ్యలో వస్తున్నాడా? భారత జట్టు కూడా డచ్ గోల్‌కీపింగ్ కోచ్ డెన్నిస్ వాన్ డి పోల్‌ను పిలిపించి శ్రీజేష్, పాఠక్ వంటి గోల్‌కీపర్లకు విడిగా శిబిరాలు పెట్టించింది. తనకు తెలియని విభాగానికి తెలిసినవారిని పిలిపించుకునే కోచ్ పట్ల నాకు నమ్మకం ఎక్కువ.

భాష సంగతి కూడా ఇక్కడే చూడాలి. మన జిల్లాల్లో తెలుగు, ఒడియా, సవర, కువి ఒకే సంతలో వినిపిస్తాయి కనుక ఈ ఇబ్బంది మనకు చెప్పనక్కరలేదు. సుందర్‌గఢ్ కుర్రవాడికి ఒడియా, సాద్రీ, హిందీ దగ్గరగా ఉంటాయి. విదేశీ కోచ్ ఇంగ్లీషులో చెబుతాడు. మొదటి రెండు క్వార్టర్ల మధ్యా, చివరి రెండు క్వార్టర్ల మధ్యా విరామం రెండే రెండు నిమిషాలు. అంతసేపట్లో చెప్పిన మాట ఆటగాడి మనసుకు ఎక్కాలంటే, పక్కన ఆ భాష తెలిసిన భారతీయ సహాయకుడు ఉండి తీరాలి. అలాంటివాడు లేకపోతే పుస్తకంలో ఎర్ర గీత పెట్టుకోండి.

4. జట్టు జాబితాను కోచ్ కళ్ళతో చదవండి

2024-25 నిబంధనల ప్రకారం ఒక్కో జట్టులో 24 మంది. వారిలో 16 మంది భారతీయులు, వారిలో నలుగురు జూనియర్లు, మిగతా 8 మంది విదేశీయులు. ఈ 24 మందిలో డ్రాగ్ ఫ్లిక్ (పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసరడం) చేయగలవారు ఎంతమంది, వారిలో భారతీయులు ఎంతమంది అన్నది మొదట లెక్కించండి. ఇద్దరు ఫ్లికర్లూ విదేశీయులే అయి, ఇద్దరూ ఆలస్యంగా చేరేవారైతే, తొలి మ్యాచ్‌లలో పెనాల్టీ కార్నర్లు వృథా అయ్యే ప్రమాదం ఉంది. 2025 ఫైనల్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడినప్పుడు, బెంగాల్ తరఫున డ్రాగ్ ఫ్లిక్ నిపుణుడు జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. భారతీయ ఫ్లికర్ విలువ అంతటిది.

వేలం అయిపోయాక వచ్చిన కోచ్ అయితే ఈ జాబితాకు ఆయన బాధ్యుడు కాడు. అప్పుడు ఈ మెట్టులో ప్రశ్న మారుతుంది: ఉన్న లోటును గుర్తించినట్టు ఆయన మాటల్లో గానీ, శిబిరంలో గానీ కనిపిస్తోందా?

5. మాటల్లో వివరం కోసం వెతకండి

"దూకుడుగా ఆడతాం", "ఒక కుటుంబంలా ఉన్నాం" వంటి మాటలను వదిలేయండి, అవి ఎవరైనా అంటారు. "మా వెనుక వరుస నుంచి బంతి కుడి వైపు గుండానే ఎక్కువగా బయటికి వస్తోంది, ఎడమ వైపు కూడా అలవాటు చేస్తున్నాం" అన్నాడనుకోండి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. అలాంటి మాటను మైదానంలో సరిచూడవచ్చు. ఇంతకు మించి ఈ మెట్టు మీద సమయం పెట్టవద్దు.

6. సన్నాహక మ్యాచ్‌ను చూడండి

అంచనా అంతా నిలబడేది ఈ మెట్టు మీదనే. మిగిలిన ఏదైనా వదిలేయవచ్చు గానీ దీన్ని వదలకండి.

భువనేశ్వర్‌లో మ్యాచ్ జరుగుతుంటే బరంపురం వారికి ఉదయం రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావడం సాధ్యమే. రాయగడ, కొరాపుట్ వారికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. రూర్కెలా అయితే మనకు దూరం; ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. బయలుదేరే ముందు ఆ మ్యాచ్‌కు ప్రేక్షకులను అనుమతిస్తున్నారో లేదో కనుక్కోండి, అన్నింటికీ అనుమతించరు. అనుమతించినా, పెనాల్టీ కార్నర్ సాధనను ఫోన్‌లో తీసి అందరికీ పంపకండి. ప్రత్యర్థి జట్టుకు ఆ వీడియో చేరితే నష్టపోయేది మీరు అభిమానించే జట్టే.

కూర్చునే చోటు ముఖ్యం. పక్క గీత దగ్గర ముందు వరుసలో కూర్చుంటే ఆటగాళ్ళు దగ్గరగా కనిపిస్తారు గానీ ఆకారం కనిపించదు. గోల్ వెనుక, వీలైనంత ఎత్తున కూర్చోండి. అక్కడి నుంచి మూడు వరుసల మధ్య దూరం స్పష్టంగా తెలుస్తుంది. మొదటి క్వార్టర్ ఏమీ రాయకుండా ఊరికే చూడండి. రెండో క్వార్టర్ నుంచి కింది వాటిని, ఒక్కో క్వార్టర్‌కు ఒకటి రెండు చొప్పున గమనించండి.

*బంతి పోయిన తర్వాతి ఐదు సెకన్లు.* జట్టు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ బంతిని చూడటం మానేసి, బంతి పోగొట్టుకున్నవాడికి దగ్గరలో ఉన్న ముగ్గురిని చూడండి. ముగ్గురూ ఒకేసారి కదిలారా, ఒకడే పరుగెత్తి మిగతా ఇద్దరూ నిలబడ్డారా? ముగ్గురూ మీదికి వెళ్ళినా సరే, ముగ్గురూ కలిసి వెనక్కి తగ్గినా సరే, అది నేర్పిన పని. ఒకడు మీదికీ ఇద్దరు వెనక్కీ వెళితే ఇంకా నేర్పలేదని అర్థం. అలాంటి 20 సందర్భాలకు గీతలు పెట్టండి. మూడింట రెండు వంతులు ఒకే రకంగా ఉంటే పని బాగా సాగుతున్నట్టు నేను లెక్క వేస్తాను. శిబిరం మొదటి వారంలో సగం ఉన్నా తప్పుపట్టను.

*ఫ్లికర్ ఎక్కడున్నాడు?* పెనాల్టీ కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకా ఆటగాళ్ళను మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. రక్షించే జట్టు గోల్‌కీపర్‌కు గాయమైనా, కార్డు పడి బయటికి వెళ్ళినా తప్ప. కనుక ఆ క్షణంలో ఫ్లికర్ మైదానంలో ఉండాలి, లేదా ఆ పని చేయగల రెండోవాడు ఉండాలి. బెంచీ వైపు ఒక కన్ను వేసి ఉంచండి. ఫార్వర్డ్ ఒకడు డి (గోల్ ముందుండే అర్ధవృత్తం) లోకి చొచ్చుకుపోయి ప్రత్యర్థి కాలికి బంతి తగిలించి కార్నర్ సంపాదిస్తాడు. సరిగ్గా అప్పుడు ఫ్లికర్ బెంచీ మీద తువ్వాలు మెడలో వేసుకుని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉంటాడు. ఇది ఒకసారి జరిగితే యాదృచ్ఛికం. ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు జరిగి, రెండోవాడు కూడా మైదానంలో లేకపోతే, ఆటగాళ్ళను మార్చే క్రమాన్ని కోచ్ కాగితం మీద ఇంకా పూర్తి చేయలేదని తెలుసుకోండి. సిద్ధంగా ఉన్న బెంచీలో ఇద్దరు ఫ్లికర్లు ఒకేసారి కూర్చోరు.

*పెనాల్టీ కార్నర్ రక్షణ.* గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు గోల్ గీత వెనుక నిలబడతారు. బంతి కదలగానే ముందుగా పరుగెత్తేవాడి దారిని, గోల్‌కీపర్ నిలుచున్న చోటును కలిపి చూడండి. సుందర్‌గఢ్‌కు చెందిన అమిత్ రోహిదాస్ భారత జట్టుకు చేసే పని ఇదే. ఫ్లికర్ కొట్టే కోణాన్ని మూసేస్తూ ప్రాణాలకు తెగించి ఎదురెళతాడు. పరుగెత్తేవాడు ఒక వైపు మూస్తే గోల్‌కీపర్ రెండో వైపుకు జరగాలి. ఇద్దరూ ఒకే వైపును కాపలా కాస్తుంటే, గోల్ పడకపోయినా ఆ ఏర్పాటు చెడ్డదే.

*వెనుక వరుస నుంచి బంతి బయటికి వచ్చే తీరు.* ప్రత్యర్థి ఒత్తిడి చేస్తున్నప్పుడు, డిఫెండర్ తల ఎత్తి చూసేలోపే అందుకోవడానికి ఇద్దరైనా చోటు మారారా? మారకుండా అతడు పదేపదే గాలిలోకి లేపి కొడుతున్నాడంటే, కోచ్ ఇంకా దారులు చూపలేదు.

*కార్డు పడినప్పుడు.* గ్రీన్ కార్డుకు రెండు నిమిషాలు, యెల్లో కార్డుకు కనీసం ఐదు నిమిషాలు ఒకడు తక్కువగా ఆడాలి. స్టాప్‌వాచ్ నొక్కండి. మిగిలిన పదిమంది కొత్త ఆకారంలోకి సర్దుకోవడానికి ఎంతసేపు పట్టింది? బెంచీ నుంచి కేకలు వేయకుండానే సర్దుకున్నారా? 2024 ఆగస్టు 4న పారిస్ క్వార్టర్ ఫైనల్‌లో, రెండో క్వార్టర్ మొదట్లోనే రోహిదాస్‌కు రెడ్ కార్డు పడితే, భారత్ మిగిలిన ఆటంతా పదిమందితో ఆడి బ్రిటన్‌ను 1-1 దగ్గర ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచింది. ఎవరు ఎక్కడికి జరగాలో ముందుగా తెలియని జట్టు ఆడగలిగే ఆట కాదది. సన్నాహక మ్యాచ్‌లో కార్డే పడకపోతే ఈ అంశాన్ని ఖాళీగా వదిలేయండి, ఊహించి రాయకండి.

*రెండు నిమిషాల విరామం.* విరామం ముగిశాక మొదటి మూడు నిమిషాల ఆటలో, అంతకు ముందు లేని మార్పు ఒక్కటైనా కనిపించిందా? కనిపిస్తే కోచ్ చెప్పింది వారికి అర్థమైంది. కోచ్ ఎంత గట్టిగా అరిచాడన్నదానికి మార్కులు లేవు.

వెళ్ళలేనివారికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ప్రసారం ఉంటే టీవీలో చూడండి. 2024-25 లీగ్ దూరదర్శన్‌లో కూడా వచ్చింది. అయితే టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కనుక వరుసల మధ్య దూరం, బెంచీ మీద ఫ్లికర్ ఉన్నాడో లేడో తెలియదు. టీవీలో నమ్మదగినవి పెనాల్టీ కార్నర్ రక్షణ, బంతి పోయిన తర్వాతి ఐదు సెకన్లు. ఆ రెండింటితోనే సరిపెట్టుకోండి. ప్రసారం కూడా లేకపోతే, కోచ్ పాత జట్టు వీడియోల మీద ఇదే లెక్క వేసి, పక్కన "పాత జట్టు" అని గుర్తు పెట్టుకోండి. శిబిరం నడుస్తున్న ఊళ్ళో బంధువులో స్నేహితులో ఉంటే, "ఎలా ఆడారు?" అని అడగకండి, "బాగా ఆడారు" అన్న సమాధానమే వస్తుంది. "కార్నర్లు ఎవరు కొట్టారు? ఇద్దరు ముగ్గురు మారి మారి కొట్టారా?" అని అడగండి.

7. స్కోరును పక్కన పెట్టండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సన్నాహక మ్యాచ్‌లో 5-1తో గెలిస్తే కోచ్ మేటి, 1-5తో ఓడితే పనికిరానివాడు అని అదే రాత్రి తేల్చేస్తారు. 2024 ఏప్రిల్‌లో ఫుల్టన్ జట్టు పెర్త్ వెళ్ళి ఆస్ట్రేలియాతో ఐదు టెస్టులు ఆడి ఐదూ ఓడింది. ఆ సిరీస్ తర్వాత కోచ్ మీద వచ్చిన విమర్శలు అన్నీ ఇన్నీ కావు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆగస్టు 2న పారిస్‌లో అదే ఆస్ట్రేలియాను 3-2తో ఓడించింది. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై భారత్ గెలవడం 1972 తర్వాత అదే మొదటిసారి. ఆ తర్వాత కాంస్యమూ గెలిచింది. సన్నాహక మ్యాచ్‌లలో కోచ్‌లు కొత్తవారిని పరీక్షిస్తారు, ముఖ్యమైన కార్నర్ ఎత్తులను దాచుకుంటారు, అలసిన కాళ్ళతో కావాలనే ఆడిస్తారు. ఆ స్కోరుకు అర్థం చెప్పగలిగింది కోచ్ ఒక్కడే.

అందుకని పుస్తకంలో స్కోరు రాయకండి. రాయకుండా ఉండలేకపోతే ఆఖరి పేజీలో రాసుకోండి.

దీనికి దగ్గరి పొరపాట్లు మరికొన్ని ఉన్నాయి. పెద్ద ఆటగాడిగా పేరున్నవాడు పెద్ద కోచ్ అవుతాడనుకోవడం ఒకటి. విదేశీయుడు కాబట్టి గొప్ప అనడం, విదేశీయుడు కాబట్టి మనవాళ్ళు అర్థం కారు అనడం, రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు; భాష సంగతి మూడో మెట్టులో విడిగా చూశారు కనుక దాన్ని అక్కడితో వదిలేయండి. మనకు ఇష్టమైన కుర్రవాణ్ణి ఆడించలేదన్న కోపంతో కోచ్‌కు మార్కులు తగ్గించడం అన్నింటికన్నా కష్టంగా వదిలే అలవాటు. మన జిల్లాల్లో ఈ ఆటకు వచ్చే పిల్లలు తక్కువ కనుక, ఒక్కడు పైకి వచ్చినా అతని మీద మమకారం పెరుగుతుంది. ఆ మమకారం మంచిదే, కానీ దాన్ని ఈ పుస్తకంలోకి రానివ్వకండి.

8. తీర్పును సరిచూడగలిగే మాటల్లో రాయండి

మొదటి లీగ్ మ్యాచ్‌కు ముందు రోజు రాత్రి కూర్చుని, గీతలన్నీ తిరగేసి, నాలుగు వాక్యాలకు మించకుండా రాయండి. తేదీ వేయండి. "కోచ్ బాగున్నాడు" అన్న వాక్యం పనికిరాదు. ఇలా రాయండి:

"బంతి పోగానే ముందు ముగ్గురూ కలిసి మీదికి వెళతారు; మొదటి మూడు మ్యాచ్‌లలో ప్రత్యర్థి 23 మీటర్ల గీత దాటి బంతి తీసుకురావడానికి ఇబ్బంది పడతాడు."

"ఫ్లికర్ల మార్పు క్రమం కుదరలేదు, మొదటి మూడు మ్యాచ్‌లలో ఒక్క కార్నర్‌నైనా అసలు ఫ్లికర్ లేకుండా తీసుకోవలసి వస్తుంది."

ప్రతి వాక్యం పక్కన, అది ఎంత గట్టిగా నమ్ముతున్నారో "తప్పకుండా", "బహుశా", "అనుమానమే" అన్న మూడింటిలో ఒకటి వేయండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఎవరికి వారు విడిగా రాసి, తర్వాత కలిపి చూసుకుంటే ఇంకా మంచిది. ముందే మాట్లాడుకుంటే గట్టిగా మాట్లాడేవాడి అభిప్రాయమే అందరి పుస్తకాల్లోకీ చేరుతుంది.

9. ఫలితాన్ని సరిచూడండి

మూడో మ్యాచ్ తర్వాత ఒకసారి, ఐదో మ్యాచ్ తర్వాత ఇంకోసారి ఆ కాగితం తీయండి. అప్పుడు కూడా పాయింట్ల పట్టికను కాదు, మీరు రాసిన వాక్యాలనే చూడండి. టోక్యోలో షోర్డ్ మరైన్ శిక్షణలో భారత మహిళల జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్ళింది. మూడు ఓటముల దగ్గర ఆగినవారి లెక్క అక్కడే తప్పింది. జట్టు ఓడుతున్నా మీరు రాసిన వాక్యాలు నిజమవుతుంటే, మీ అంచనా సరైనదే, కోచ్ పని సాగుతోంది. జట్టు గెలుస్తున్నా వాక్యాలు తప్పుతుంటే, గెలుపు మరెక్కడి నుంచో వస్తోంది. ఒకే ఆటగాడి ప్రతిభ మీద నడుస్తోందేమో చూడండి.

"తప్పకుండా" అని రాసిన వాక్యమే తప్పితే, అది ఏ మెట్టులో గమనించినదో వెనక్కి వెళ్ళి పట్టుకోండి. టీవీలో చూసి రాసినదైతే వచ్చే ఏడాది ఆ అంశాన్ని టీవీ మీద నమ్మకండి. వార్తల మీద ఆధారపడి రాసినదైతే, ఆ వార్తలో కోచ్ మాట ఎంత, రాసినవారి మాట ఎంత అన్నది విడదీసి చదవడం అలవాటు చేసుకోండి.

సీజన్ ముగిశాక కాగితాన్ని పారేయకండి. అదే కోచ్ మరుసటి ఏడాది కూడా కొనసాగితే మొదటి ఐదు మెట్లూ మళ్ళీ చేయనక్కరలేదు. సహాయక సిబ్బంది మారితే మూడోది, వేలంలో ఆటగాళ్ళు మారితే నాలుగోది మాత్రం తిరిగి చూసుకుని, నేరుగా ఆరో మెట్టుకు వెళ్ళండి. కొత్తగా పెట్టే గీతలను పాత గీతల పక్కనే పెట్టండి.